పేరునకు ఎంత చోటు?

విద్యార్థులారా! 'రామ', 'సీత', 'లక్ష్మి' అను పేర్లలో అక్షరములెన్ని యని అడిగినచో, ఒక్కొక్కదానిలో రెండేసి యని మీరు చెప్పుదురు. ఛందస్సు చదువుకొన్నవారి లెక్క యది, సరియైనదే. కాని కంప్యూటరు లెక్క వేరు.

లిపులలోని గుర్తులకు ఒక్కొక్క సంఖ్య నిచ్చు ఏర్పాటునకు యూనికోడ్ అని పేరు. అందు 3072 మొదలు 3199 వరకు తెలుగునకును, 3200 మొదలు 3327 వరకు కన్నడమునకును స్థానములు కలవు. మన పావగడలో ఈ రెండు భాషలవారు ఇరుగుపొరుగున నున్నట్లే, అచ్చటను ఈ లిపులు ఇరుగుపొరుగులే. తెలుగు 'ల' సంఖ్య 3122. దానికి 128 కూడినచో 3250. అది కన్నడ 'ల'.

అయితే గుణింతపు గుర్తులకును, పొల్లునకును వేరువేరు సంఖ్యలున్నవి. 'రామ' యనగా ర, దీర్ఘము, మ: మూడు సంఖ్యలు. 'సీత'యు మూడే. 'లక్ష్మి' యనగా ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి: ఏడు సంఖ్యలు. కన్నడ లిపిలో వ్రాసినను ఏడే.

పైథాన్ భాషలో గణితమునకు వాడు 'నంపై' అను సాధనము, పేర్ల పట్టికలోని గడులన్నింటిని సాధారణముగా ఒకే వెడల్పున నుంచును. గడులు సమానమైనచో నూరవ గడి ఎచ్చట నున్నదో ఒక్క గుణకారముతో తెలియును గదా! ఒక్కొక్క సంఖ్యకు నాలుగు బైట్ల చోటు. 'రామ', 'సీత' యను పేర్లతో పట్టిక కట్టినచో గడి వెడల్పు మూడు సంఖ్యలు, అనగా 12 బైట్లు.

పిమ్మట 'సీత' గడిలో 'లక్ష్మి' యని వ్రాయుడు. మొదటి మూడు సంఖ్యలే నిలిచి 'లక్' అని మిగులును. తప్పు జరిగినదని యంత్రము హెచ్చరింపదు. 'రామ' గడిలో 'లక్కమ్మ' యని వ్రాసినచో అదియు 'లక్' అగును. ఇద్దరు బాలికలు ఒక్కరైపోయిరి! పేరునుబట్టి మార్కులు చేర్చినచో ఒకరివి మరొకరికి పోవును.

కావున పట్టిక కట్టుటకు ముందే అన్నింటికంటె పొడవైన పేరును సంఖ్యలలో కొలిచి వెడల్పు నిర్ణయింపవలెను. దీనికి వ్యయమును కలదు. వెడల్పు 30 సంఖ్యలైనచో గడికి 120 బైట్లు. 40 మంది తరగతికి 4,800 బైట్లు. 12 బైట్లు చాలు 'రామ'కు 108 బైట్లు వృథా. 2024లో వెలువడిన నంపై 2.0లో పేరు పొడవునుబట్టి చోటు నిచ్చు క్రొత్త రకము వచ్చినది. కాని దానిని మనము కోరి వాడవలెను. కోరనిచో పాత పద్ధతియే నడచును.

చోటు కొంత వృథాయైనను నష్టము లేదు. ఒక బాలిక పేరు తెగిపోరాదు.

అభ్యాసము: 'పావగడ' కంటికి నాలుగక్షరములు, కంప్యూటరునకు ఐదు సంఖ్యలు. 'స్త్రీ' కంటికి ఒక్క అక్షరమే, కంప్యూటరునకు ఎన్ని? మీ పేరును, మీ ఊరి పేరును ఇట్లే విడదీసి లెక్కింపుడు.