ఎక్స్‌పల్స్‌కి డబుల్ స్టాండ్: కొనేముందు, బిగించేముందు

మన కాలేజీ పార్కింగ్‌లో అడ్వెంచర్ బండ్లు బాగా పెరిగాయి. ఎక్కువగా ఎక్స్‌పల్స్‌లు, కొన్ని హిమాలయన్‌లు, ఒకటో రెండో కేటీఎంలు. సెమిస్టర్ అయిపోతే అందరి ప్లానూ దాదాపు ఒకటే: మారేడుమిల్లి, లంబసింగి, లేకపోతే అరకు. ట్రిప్ కోసం ఫాగ్ లైట్లు కొంటారు, ఫోన్ హోల్డర్ కొంటారు, టెంట్ అద్దెకు తెస్తారు. మరి ఘాట్ మధ్యలో వెనక టైరు పంక్చరైతే, బండిని దేనిమీద నిలబెట్టి చక్రం విప్పుతావురా అని అడిగితే మాత్రం ఎవరూ మాట్లాడరు. ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసమే.

కంపెనీ పుస్తకాల్లో దాన్ని సెంటర్ స్టాండ్ అంటారు. మన మెకానిక్‌లు, ఇళ్లల్లో నాన్నలు, బాబాయిలు డబుల్ స్టాండ్ అంటారు. నాకు ఈ రెండో మాటే ఇష్టం. పేరు వింటేనే రెండు కాళ్లు కనిపిస్తాయి.

నాన్నగారి స్ప్లెండర్‌కి డబుల్ స్టాండ్ ఉంటుంది, అమ్మ స్కూటీకి ఉంటుంది. అంత ఖరీదు పెట్టి కొన్న ఎక్స్‌పల్స్ 200కి మాత్రం కంపెనీ నుంచి సైడ్ స్టాండ్ ఒక్కటే వస్తుంది. 2016లో వచ్చిన పాత హిమాలయన్ 411కి మాత్రం కంపెనీయే డబుల్ స్టాండ్ ఇచ్చింది. అడ్వెంచర్ బండికి అది ఎందుకు ఇవ్వరు అంటే కారణాలు ఉన్నాయి. స్టాండ్ అంటే కొన్ని కిలోల ఇనుము. అది ఇంజన్ కింద వేలాడుతుంది కాబట్టి రాళ్ల దారిలో ముందు తగిలేది అదే. ఎక్స్‌పల్స్‌కి నేలనుంచి ఇంజన్‌కి 220 మిల్లీమీటర్ల ఖాళీ ఉందని గొప్పగా చెప్పుకుంటాం. సరిగా మడవని స్టాండ్ ఒకటి చాలు, అందులో కొంత తినేయడానికి.

కాబట్టి అందరికీ డబుల్ స్టాండ్ అవసరం లేదు. నా లెక్కలో ఇది తేల్చేది బండి లుక్కు కాదు, చక్రం. 2020లో వచ్చిన కేటీఎం 390 అడ్వెంచర్‌కి అలాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు. మేకు గుచ్చుకుంటే చక్రం విప్పక్కర్లేదు. బండి సైడ్ స్టాండ్ మీద ఉండగానే రబ్బరు పుల్ల దూర్చి, గాలి కొట్టి బయల్దేరచ్చు. ఎక్స్‌పల్స్, హిమాలయన్ 411 అలా కాదు. వాటివి స్పోక్ చక్రాలు, లోపల ట్యూబు. పంక్చరైతే చక్రం ఊడదీయాలి, టైరు ఒక పక్క రిమ్ మీంచి తప్పించాలి, ట్యూబు బయటికి లాగాలి. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ రోడ్డులో ఊరికీ ఊరికీ మధ్య అడవే. అక్కడ ఈ పని నువ్వే చేసుకోవాలి. ట్యూబు ఉన్న బండితో ఊరికి దూరంగా వెళ్లేవాళ్లకి డబుల్ స్టాండ్ దండగ కాదు. హాస్టల్‌కీ కాలేజీకీ మధ్య తిరిగేవాళ్లు ఆ డబ్బులు మంచి గ్లోవ్స్ మీద పెట్టడం మేలు. చైన్‌కి ఆయిల్ వేయడానికే అయితే, ఇంటి దగ్గర ఒక పాడక్ స్టాండ్ పెట్టుకుంటే నలుగురు ఫ్రెండ్స్ వాడుకోవచ్చు.

ఎలా లేపుతుంది?

కొనేటప్పుడు జరిగే పొరపాట్లన్నీ ఇది తెలియకపోవడం వల్లే వస్తాయి, అందుకని ఇక్కడ కాస్త ఆగుదాం.

మడిచిన స్టాండ్ కాళ్లు వెనక్కి చూస్తూ ఉంటాయి. కాలితో పెడల్ తొక్కితే రెండు పాదాలూ నేలకు ఆనతాయి. ఆ క్షణంలో పాదాలు, స్టాండ్ తిరిగే ఇరుసు కంటే వెనక ఉంటాయి. ఇంకా తొక్కితే పాదాలు కదలవు, బండే వెనక్కి జరుగుతూ పాదాల మీదికి ఎక్కుతుంది. ఇరుసు సరిగ్గా పాదాల పైకి వచ్చినప్పుడు బండి అన్నిటికంటే ఎత్తులో ఉంటుంది. అది దాటి కొంచెం వెనక్కి దిగి, ఫ్రేమ్‌కి ఉన్న ఆపుడు ముక్కకి తగిలి ఆగుతుంది. బండి బరువే దాన్ని అక్కడ లాక్ చేస్తుంది. ముందుకు తోస్తే తప్ప దిగదు. వాలులో బండి ముందుభాగం ఎత్తువైపు పెట్టి స్టాండ్ వేయమని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే. వెనక్కి జారాలని చూస్తే లాక్ ఇంకా బిగుస్తుంది.

ఇప్పుడు చిన్న లెక్క. బండి దాదాపు 160 కిలోలు. గరిమనాభి 3 సెంటీమీటర్లు పైకి లేవాలి అనుకుందాం. పని అంటే 160 × 9.8 × 0.03, సుమారు 47 జౌల్స్. పెడల్ కిందికి 15 సెంటీమీటర్లు కదిలితే సగటున 314 న్యూటన్లు, అంటే 32 కిలోల బరువు మోపినంత. మధ్యలో ఒక చోట ఇంతకంటే ఎక్కువ కావాలి, నిజమే. అయినా 55 కిలోల మనిషి పెడల్ మీద నిలబడితే చాలు. చేతులతో బండిని ఎత్తే ప్రయత్నం చేసేవాళ్లకే నడుం పట్టేస్తుంది. చేతుల పని బండిని నిటారుగా ఉంచడం, కొంచెం వెనక్కి నడిపించడం, అంతే. వెనక లగేజీ ఉంటే ముందు అది దించండి. లేదా వెనక చక్రం కింద ఒక పల్చటి చెక్క పెట్టి బండిని దానిమీదికి ఎక్కించండి, ఎత్తాల్సిన దూరం అంత తగ్గుతుంది.

అసలు విషయం ఇప్పుడొస్తుంది. స్ప్లెండర్‌కీ అడ్వెంచర్ బండికీ తేడా సస్పెన్షన్. ఎక్స్‌పల్స్ వెనక చక్రం 170 మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఆడుతుంది. నేలమీద నిలబడ్డప్పుడు బండి తన బరువుకే కొంత కుంగి ఉంటుంది. స్టాండ్ మీదికి లేపుతుంటే ఫ్రేమ్ పైకి వెళ్తుంది కానీ చక్రం నేలను వదలదు. ఆ కుంగింది అంతా సాగేదాకా కిందే వేలాడుతుంది. ఉదాహరణకి మీ బండి 40 మిల్లీమీటర్లు కుంగి ఉంటే, చక్రం కింద 20 ఖాళీ కావాలంటే, వెనక చక్రం దగ్గర ఫ్రేమ్ 60 లేవాలి. ముందు టైరు నేలమీదే ఉంటుంది కాబట్టి బండి దాని చుట్టూ కొంచెం తిరుగుతుంది. స్టాండ్ ముందు చక్రం నుంచి మూడింట రెండొంతుల దూరంలో ఉంటే అక్కడ 40 లేస్తే సరిపోతుంది. కాలు ఒక సెంటీమీటరు పొట్టిదైతే చక్రం కింద ఖాళీ దాదాపు మిగలదు. ఒక సెంటీమీటరు పొడుగైతే బండి ఎక్కించడం కష్టమవుతుంది. డబుల్ స్టాండ్ అంటే ఏదో ఇనప ముక్క అనుకుని వేరే మోడల్‌ది తెచ్చి తగిలించేవాళ్లు దెబ్బతినేది ఈ ఒక్క సెంటీమీటర్ దగ్గరే.

మీ బండి ఎంత కుంగుతుందో కొలవడం తేలిక. వెనక ఇరుసు నుంచి నిట్టనిలువుగా పైన సీటు కింద ఒక గుర్తు పెట్టుకోండి. బండి నిటారుగా ఉన్నప్పుడు ఒకసారి, ఇద్దరు ఫ్రెండ్స్ వెనక భాగం ఎత్తి పట్టుకుని చక్రం నేల వదలబోతున్నప్పుడు ఇంకోసారి టేపుతో కొలవండి. తేడాయే కుంగుడు.

ఏది కొనాలి?

అమ్మేవాడు మోడల్ పేరు ఒక్కటే అడుగుతాడు. మీరు ఇంకో రెండు చెప్పాలి: టైరు సైజు మార్చారా, సస్పెన్షన్ మార్చారా. ర్యాలీ కిట్ వేసిన ఎక్స్‌పల్స్, ప్రో వేరియంట్ వెనక 220 మిల్లీమీటర్లు ఆడతాయి. మామూలు ఎక్స్‌పల్స్ కోసం చేసిన స్టాండ్ వాటికి పొట్టి. పేరు ఒకటే కదా అని తీసుకుంటే బాక్స్ తిరిగి పంపాల్సిందే.

తర్వాత, అది ఫ్రేమ్‌కి ఎలా పడుతుందో చూడండి. బోల్టులతో, ఉన్న రంధ్రాలకే పట్టేది కావాలి. ఫ్రేమ్‌కి వెల్డింగ్ చేస్తా అన్నవాడి దగ్గర్నుంచి బండి తీసుకుని వచ్చేయండి. వెల్డింగ్ వేడికి అక్కడి గొట్టం గుణం మారుతుంది, పగులు మొదలైతే అతుకు పక్కనే మొదలవుతుంది. వారంటీ సంగతి సరేసరి. ఇంజన్ కింద బ్యాష్ ప్లేట్ ఉంటే రెండూ ఒకదానికొకటి తగలకూడదు. మడిచినప్పుడు పాదాలు బ్యాష్ ప్లేట్ కంటే కిందికి దిగితే అది మంచి స్టాండ్ కాదు, ఎంత చవకైనా. పాదాల వెడల్పు కూడా చూడండి. సన్నటి గొట్టం కొసలు వానాకాలం మట్టిలో మేకుల్లా దిగిపోతాయి.

బిగించడం

సైడ్ స్టాండ్ మీద బండి, గేరులో పెట్టి, ముందు బ్రేక్ లివర్‌ని తాడుతో కట్టేయండి. ఇరుసు గొట్టానికి గ్రీజు రాసి బోల్టులు ఎక్కించండి. బోల్టు లోపలి గొట్టాన్ని ఫ్రేమ్‌కి నొక్కిపట్టాలి, స్టాండ్ మాత్రం ఆ గొట్టం మీద వదులుగా తిరగాలి. బిగించాక స్టాండ్ చేత్తో కదలకపోతే ఏదో వాషర్ తప్పు వైపు ఉందని అర్థం. స్ప్రింగ్ ఇంకా వేయకముందే ఈ పరీక్ష చేయండి, తర్వాత తెలియదు.

స్ప్రింగ్ దగ్గరే అందరూ చేతులెత్తేస్తారు. అది చాలా గట్టిది. స్క్రూడ్రైవర్‌తో కెలికితే జారి ముఖం మీదికి వస్తుంది, కళ్లద్దాలు లేకుండా ఆ పని వద్దు. స్ప్రింగ్ రెండు కొనలూ అతి దగ్గరగా వచ్చే స్థితిలో స్టాండ్‌ని పెట్టండి, చాలా బండ్లకి అది మడిచిన స్థితి. పాత మెకానిక్‌ల చిట్కా ఒకటుంది. స్ప్రింగ్‌ని ఒక పక్కకి వంచితే చుట్ల మధ్య సందులు తెరుచుకుంటాయి, అందులో రూపాయి బిళ్లలు దూర్చాలి. రెండో పక్కకి వంచి అక్కడ కూడా. పది, పదిహేను బిళ్లలు పట్టేసరికి స్ప్రింగ్ తనంతట తానే పొడుగై ఉంటుంది, మామూలుగా చేత్తో తగిలించొచ్చు. తర్వాత స్టాండ్ కిందికి దించితే స్ప్రింగ్ సాగి బిళ్లలన్నీ గలగలా రాలతాయి. లెక్కపెట్టుకోండి, ఒకటి లోపల ఉండిపోతే గుంటల్లో టకటక కొట్టుకుంటుంది. చిల్లర లేనివాళ్లు వాషర్లు వాడచ్చు. యూపీఐ ఇక్కడ పనికిరాదు.

బిగించాక ఇద్దరు కూర్చుని సీటు మీద గట్టిగా ఊగండి. ఇంకొకరు కింద చూడాలి: స్టాండ్‌కి చైన్ తగులుతుందా, సైలెన్సర్ తగులుతుందా, సైడ్ స్టాండ్ పూర్తిగా మడుస్తుందా, దాని స్విచ్ వైరు ఎక్కడన్నా నలుగుతుందా. మడిచిన స్టాండ్ ఇనుము మీద కాదు, రబ్బరు ముక్క మీద ఆనాలి. 100 కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్లీ పాన వేసి చూడండి.

ట్రిప్‌కి ముందు ఒక ఆదివారం హాస్టల్ దగ్గరే వెనక చక్రం విప్పి చూసుకోండి. ఇరుసు నట్టు పెద్దది, బాగా బిగిసి ఉంటుంది. బండిని డబుల్ స్టాండ్ ఎక్కించాక దాన్ని బలంగా లాగితే బండి ముందుకు దూకుతుంది. చక్రం నేలమీద ఉన్నప్పుడే నట్టు ఒక మెలిక వదులు చేసి, అప్పుడు స్టాండ్ వేయండి. స్టాండ్ కాలికీ ముందు చక్రానికీ కలిపి ఒక లగేజీ బెల్టు బిగిస్తే బండి దిగే ప్రశ్నే ఉండదు. మెత్తటి నేలైతే పాదాల కింద చదును రాయి పెట్టండి. ముందు చక్రం విప్పాలంటే స్టాండ్ ఒక్కటే సరిపోదు, ఇంజన్ కింద ఇంకో ఆధారం కావాలి.

ఇంకొకటి. స్టాండ్ వచ్చాక చైన్ శుభ్రం చేయడం చాలా తేలికవుతుంది. అదే ప్రమాదం కూడా. ఇంజన్ స్టార్ట్ చేసి, గేరు వేసి, తిరుగుతున్న చైన్‌కి గుడ్డ పెట్టి తుడవడం చాలామంది చేస్తున్నారు. గుడ్డ స్ప్రాకెట్‌లోకి పోతే వేలు కూడా దానితోనే పోతుంది. తాళం చెవి జేబులో పెట్టుకుని, న్యూట్రల్‌లో ఉంచి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ తుడవండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది.