చిన్న తెరచాప పడవకు చార్ట్‌ప్లాటర్: డబ్బా కన్నా ముందు పటం

డబ్లిన్ అంటే ఐర్లండు డబ్లిన్ కాదు, మన కాలిఫోర్నియా ఈస్ట్ బే డబ్లిన్. ఇక్కడ సముద్రం లేదు, ఉన్నవి 580, 680 ఫ్రీవేలు. కానీ 580 మీద పడమరకు వెళితే, ట్రాఫిక్ కరుణిస్తే, ముప్పావు గంటలో బర్క్‌లీ మెరీనా చేరుకోవచ్చు. అక్కడ కాల్ సెయిలింగ్ క్లబ్ అని లాభాపేక్ష లేని సంస్థ ఒకటుంది. సభ్యులే సభ్యులకు పడవ నడపడం నేర్పుతారు. అలా నేర్చుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి 22, 25 అడుగుల పాత పడవ ఒకటి కొంటే, వారం తిరక్కుండా వచ్చే ప్రశ్న: "ఏ చార్ట్‌ప్లాటర్ కొనాలి?"

చార్ట్‌ప్లాటర్ అంటే సముద్ర పటం మీద మన పడవ ఎక్కడుందో చూపించే తెర. కారులో ఉండే జీపీఎస్‌కి అన్నగారనుకోండి. తేడా ఒక్కటే. కారు జీపీఎస్ తప్పు చెప్తే యూ టర్న్ తీసుకుంటాం. నీటి కింద రాయి ముందుగా బోర్డు పెట్టుకుని కూర్చోదు.

కొనేటప్పుడు అందరూ ముందు చూసేది జీపీఎస్ ఎంత కచ్చితమైనదని. నిజానికి ఇది ఆలోచించాల్సిన పనే లేదు. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం పౌర సంకేతాలలో కావాలని కలిపే పొరపాటును ఆపేసింది. అంతకు ముందు వంద మీటర్ల వరకూ ఉన్న తేడా అప్పటినుంచి కొద్ది మీటర్లకు దిగింది. ఇప్పుడు ఏ కంపెనీ డబ్బా అయినా ఈ పని బాగానే చేస్తుంది. "నేనెక్కడున్నాను" అన్నది తీరిపోయిన సమస్య. "నా చుట్టూ ఏముంది" అన్నది మాత్రం తీరలేదు. దానికి జవాబు పటంలో ఉంటుంది, డబ్బాలో కాదు.

అందుకే ముందు పటం ఎంచుకోండి. అమెరికా జలాల ఎలక్ట్రానిక్ పటాలను ప్రభుత్వ సంస్థ నోవా ఉచితంగా ఇస్తుంది. పాత పద్ధతి కాగితపు పటాలను ఆపేస్తామని 2019లో ప్రకటించి, 2025 నాటికి ఆ పని పూర్తి చేసింది కూడా. అయితే దుకాణంలో దొరికే చాలా ప్లాటర్లు ఈ ఉచిత పటాలను నేరుగా చదవవు. గార్మిన్, నావియోనిక్స్, సీ-మ్యాప్ లాంటి వాటి సొంత ఫార్మాటులో కొనాలి, ఏటా అప్‌డేట్‌కి మళ్ళీ కట్టాలి. ప్రింటరు చవగ్గా ఇచ్చి ఇంకు దగ్గర వసూలు చేసే వ్యాపారం మనకు కొత్తేం కాదు కదా! నావియోనిక్స్‌ని 2017లో గార్మినే కొనేసింది కాబట్టి పోటీ కూడా పైకి కనిపించినంత లేదు.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ వాళ్ళకు బాగా అర్థమయ్యే ప్రమాదం ఒకటుంది. ఈ పటాలు బొమ్మలు కావు, డేటాబేసులు. రాయి, బోయా, లోతు, ప్రతి ఒక్కటీ ఒక రికార్డు. నోవా పటాలు వాడే ఎస్-57 ప్రమాణంలో స్కామిన్ అనే ఫీల్డు ఉంది. ఏ స్కేలు దాటితే ఆ వస్తువును తెర మీద చూపించకూడదో అది చెప్తుంది. అది లేకపోతే తెరంతా అంకెలతో నిండిపోతుంది, నిజమే. కానీ జూమ్ అవుట్ చేసినప్పుడు వీధి పేర్లు మాయమైనట్టే దిబ్బలూ మాయమవుతాయి. 2014 నవంబరు 29న వోల్వో ఓషన్ రేసులో వెస్టాస్ విండ్ అనే పడవ హిందూ మహాసముద్రంలో మారిషస్‌కు ఈశాన్యంగా ఉన్న కార్గడోస్ కరాజోస్ దిబ్బల మీదికి రాత్రిపూట దూసుకెళ్ళింది. నడిపేవాళ్ళు ఆరితేరిన నావికులు. వాళ్ళు చూస్తున్న జూమ్‌లో అక్కడ దిబ్బలున్నట్టు తెలియలేదు. తొమ్మిది మందీ బతికి బయటపడ్డారు, పడవ మాత్రం తీవ్రంగా దెబ్బతింది.

అంత దూరం ఎందుకు, బర్క్‌లీలోనే చూడండి. 1926లో ఫెర్రీల కోసం తీరం నుంచి మూడు మైళ్ళకు పైగా బే లోపలికి ఒక పియర్ కట్టడం మొదలుపెట్టారు. బే బ్రిడ్జి వచ్చాక దాని అవసరం తీరిపోయింది. ఆ శిథిల స్తంభాలు ఇప్పటికీ నీటిలో మైళ్ళ పొడవునా నిలబడి ఉన్నాయి. మంచులోనో చీకట్లోనో ఇంటికి తిరిగొచ్చే పడవకు అవి ముళ్ళకంచె. కాబట్టి దుకాణంలో నా పరీక్ష ఇది. తెర మీద బర్క్‌లీ తెరిచి, కొంచెం కొంచెంగా జూమ్ అవుట్ చేస్తూ పొండి. ఆ శిథిలాలు ఎప్పుడు మాయమయ్యాయో గుర్తు పెట్టుకోండి. ఆలస్యంగా మాయమైన పటానికి నా ఓటు.

గుర్తుల భాష తెలియకపోతే పటం ఉండీ లాభం లేదు. 2007 నవంబరు 7 ఉదయం దట్టమైన మంచులో ఓక్‌లాండ్ నుంచి బయల్దేరిన కాస్కో బుసాన్ అనే కంటెయినర్ ఓడ బే బ్రిడ్జి స్తంభపు రక్షణ కట్టును రాసుకుంటూ పోయింది. 53 వేల గ్యాలన్లకు పైగా నూనె బే పాలయింది. కారణాలు చాలానే తేల్చారు గానీ వాటిలో ఒకటి మనకు పాఠం. ఎలక్ట్రానిక్ పటం మీది రెండు ఎర్ర త్రికోణాలు స్తంభానికి అటూ ఇటూ ఉన్న బోయాలు. వాటిని వంతెన మధ్యభాగం గుర్తుగా పొరబడ్డారు. అన్నట్టు, బోయాల రంగు కూడా దేశాన్ని బట్టి మారుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో రేవులోకి వచ్చేటప్పుడు ఎర్ర బోయా కుడి పక్కన ఉండాలి, మన విశాఖ రేవులోకి వచ్చేటప్పుడు ఎడమ పక్కన.

లోతు అంకెల సంగతి కూడా అంతే. ఇక్కడి పాత కాగితపు పటాలు అడుగుల్లో చూపించేవి. ప్లాటరు సెట్టింగు మీటర్లలో ఉందో అడుగుల్లో ఉందో మొదటిరోజే చూడండి. ఆ అంకె సగటున రోజులో అతి తక్కువ ఆటు నాటి మట్టం నుంచి లెక్క. కొన్ని రోజుల్లో ఆటు అంతకన్నా కిందికి పోతుంది. పడవ నాలుగడుగులు మునిగేదైతే, ఆరడుగుల లోపు ప్రాంతమంతా రంగు మారి కనిపించేలా పెట్టుకోండి. బర్క్‌లీ వైపు బే అంతా లోతు తక్కువే.

తెరచాప పడవకు ఇంకో చిక్కుంది. ప్లాటర్లు ఎక్కువగా మోటారు పడవల వాళ్ళ కోసం తయారైనవి. ఆటో రూటింగు అందంగా గీత గీసి "40 నిమిషాల్లో చేరతారు" అంటుంది. గాలి సరిగ్గా ఎదురొస్తే ఆ గీత మీద మనం నడవలేం, పాములాగా అటూ ఇటూ కోసుకుంటూ పోవాలి. పైగా ఆటు సమయంలో గోల్డెన్ గేట్ కింద ప్రవాహం 4 నాట్లు దాటుతుంది. మన పడవ వేగమే 5 నాట్లు! ముక్కు ఒక దిక్కున, ప్రయాణం ఇంకో దిక్కున. జీపీఎస్‌కి రెండోదే తెలుసు. ముక్కు దిక్కు కావాలంటే దిక్సూచి సెన్సరు వేరే పెట్టాలి. గాలి సెన్సరు కూడా పెట్టగలిగితే బీ అండ్ జీ లాంటి తెరచాప ప్రత్యేక ప్లాటర్లు ఎక్కడ మలుపు తిప్పాలో గీసి చూపిస్తాయి. గాలి సెన్సరు పెట్టే ఉద్దేశం లేకపోతే దానికి అదనపు డబ్బు దండగ.

ఇవన్నీ కలవడానికి ఎన్.ఎం.ఇ.ఎ. 2000 పోర్టు ఉన్నది తీసుకోండి. లోపల ఉన్నది కార్లలో వాడే క్యాన్ బస్సే. పాత 0183 కూడా ఉంటే ఇంకా మంచిది. అది 4800 బాడ్ మీద డాలరు గుర్తుతో మొదలై కామాలతో విడగొట్టిన మామూలు టెక్స్టు, ఆదివారం మధ్యాహ్నం పార్సర్ రాసుకోవచ్చు. పెద్ద ఓడలు తమ స్థానం, వేగం ప్రసారం చేసే ఎ.ఐ.ఎస్. అందుకోవడం మాత్రం విలాసం కాదు. ఓక్‌లాండ్ ఓడలు మన కోసం ఆగలేవు.

"ఐప్యాడ్ చాలదా?" అని అడుగుతారు. ఎండలో వేడెక్కి ఆరిపోతుంది, తెర మీద ఉప్పునీళ్ళు పడితే వేలిమాట వినదు. రెండో తోడుగా మాత్రం బంగారం. ల్యాప్‌టాపులో ఓపెన్ సీపీఎన్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము నోవా ఉచిత పటాలను నేరుగా చదువుతుంది, ఇంట్లో దారి వేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఫోనును తెరగా వాడటం మన దగ్గరా ఉంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ 2019లో తెచ్చిన జెమిని పరికరం మొబైల్ సిగ్నల్ అందని చోట ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు అందుకుని, బ్లూటూత్‌తో జాలరి ఫోనుకు పంపుతుంది. గీత ఎక్కడుందో తెలియడం విలువ ఉత్తరాంధ్ర జాలరులను అడగాలి. గుజరాత్ పడవల మీద పనికి వెళ్ళి 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కినవాళ్ళలో 20 మంది వాఘా దాటి ఇంటికొచ్చింది 2020 జనవరిలో.

ఇక డబ్బా. ఏడంగుళాల తెర, టచ్‌తో పాటు బటన్లూ ఉన్నది, వెయ్యి డాలర్లకు అటూ ఇటూగా దొరుకుతుంది. సుమారు ఒక ఆంపియర్ లాగుతుంది. రోజంతా తిరిగినా ఎనిమిది ఆంపియర్ గంటలే కాబట్టి మామూలు బ్యాటరీ తట్టుకుంటుంది. తెర పెద్దదయ్యేకొద్దీ ఈ లెక్క మారుతుంది. పడవ దిక్సూచికి దగ్గరగా బిగించకండి, ముల్లు పక్కకు లాగుతుంది. దుకాణానికి వెళ్ళేటప్పుడు మీ నల్లకళ్ళద్దాలు పోలరైజ్డ్ అయితే వెంట తీసుకెళ్ళండి. కొన్ని తెరలు వాటితో చూస్తే పూర్తిగా నల్లగా కనిపిస్తాయి, తల పక్కకు వంచితే గానీ బొమ్మ రాదు.