హెడ్‌లైటు వెలుగు ఎంత ఉండవలెను?

వరి కోతల కాలమున ప్రొద్దు గ్రుంకిన పిమ్మట మన గ్రామముల రోడ్లపై ఎంత సందడి యుండునో పంచాయతీ సభ్యులకు తెలియనిది కాదు. పనినుండి మరలు కూలీలు, సైకిళ్లు, ఎడ్లబండ్లు, ధాన్యపు బస్తాల ట్రాక్టర్లు అన్నియు ఒకే ఇరుకు రోడ్డున సాగవలెను. ఎదుటి వాహనపు కాంతి సూటిగా కన్నులలో పడిన డ్రైవరుకు రోడ్డు ప్రక్కన నడచు మనుష్యుడు కానరాడు. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు వాహనము మూడు సెకనులలో 50 మీటర్లు సాగును. అంత దూరము అతడు కన్నులు మూసికొని నడపినట్లే యగును.

వెలుగు హెచ్చినచో ప్రమాదము తగ్గునని తలచి పలువురు కంపెనీవారు అమర్చిన బల్బును తీసివేసి, హెచ్చు వాట్ల బల్బునో, ఎల్.ఇ.డి. బల్బునో వేయించుచున్నారు. ఇది పొరపాటు. హెడ్‌లైటులో అద్దమువలె మెరయు చిప్ప, బల్బులోని తీగ ఉండు స్థానమునుబట్టి నిర్మింపబడినది. వేరు రకపు బల్బు వేసినచో వెలుగు పుట్టు చోటు మారి, కాంతి రోడ్డుపై పడక పైకిని ప్రక్కలకును చెదరును.

వైరింగునకు కలుగు ముప్పు వేరొకటి. అనేక కార్లలో వాడు ఎచ్-4 బల్బు 60/55 వాట్లది. 12 వోల్టుల బ్యాటరీనుండి 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు తీసికొనగా, 100 వాట్లది 8 ఆంపియర్లకు పైగా తీసికొనును. తీగలలో పుట్టు వేడి రెండున్నర రెట్లకు మించును. హోల్డరు కరగుటకును, తీగలు కాలుటకును ఇదియే కారణము.

చట్టము కూడ దీనిని సమ్మతింపదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 106వది, దించిన కాంతి 8 మీటర్ల దూరమున 1.5 మీటర్ల ఎత్తునగల కన్నులను మిరుమిట్లు గొలుపరాదని చెప్పుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము, అనుమతిలేని భాగములను అమర్చి వాహనమును మార్చిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు మాసములవరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును.

మరి వెలుగు చాలనిచో ఏమి చేయవలెను? మొదట హెడ్‌లైటు అద్దమును శుభ్రపరచవలెను. పసుపుబారిన అద్దమును, నల్లబడిన బల్బును మార్చి, అదే వాట్ల క్రొత్త బల్బు వేయవలెను. త్రుప్పుపట్టిన ఎర్తు కనెక్షనును గోకి బిగింపవలెను. బల్బునకు చేరు వోల్టేజి పదవవంతు తగ్గినచో కాంతి సుమారు మూడవవంతు తగ్గునని గుర్తుంచుకొనవలెను. పిమ్మట చదునైన నేలపై గోడకు 10 మీటర్ల దూరమున కారును నిలిపి, దించిన కాంతి పై అంచు దీపపు ఎత్తుకంటె సుమారు 10 సెంటీమీటర్లు దిగువగా పడునట్లు సరిచేయింపవలెను.

ఈ విషయములను గ్రామసభలో వాహన యజమానులకును, మెకానికులకును తెలియజెప్పవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. ట్రాక్టరు ట్రక్కుల వెనుక ఎర్రని రిఫ్లెక్టర్లు అంటింపజేయుట, రాత్రివేళ ట్రక్కులను రోడ్డుపై విడువకుండ చూచుట, మలుపులయందలి వీధిదీపములను వెలుగునట్లుంచుట మన చేతిలోని పనులు. ఎదురుగా వాహనము వచ్చినపుడు కాంతిని దించు అలవాటును మనమే మొదట పాటించి చూపుదము.