ఎడారి జింకల శరత్కాలం

రియాద్‌లో పెరిగే తెలుగు పిల్లలకు రీమ్, మహా అన్న పేర్లు కొత్తవి కావు. అరబ్బుల ఇళ్లలో ఆడపిల్లలకు ముచ్చటగా పెట్టుకునే ఈ పేర్లు రెండూ ఎడారి జంతువులవే. రీమ్ అంటే ఇసుక నేలల్లో సంచరించే లేతవన్నె జింక. మహా అంటే పొడవైన కొమ్ములు గల తెల్లని ఓరిక్స్. మన కవులు స్త్రీల కన్నులను లేడి కన్నులతో పోల్చినట్లే అరబ్బు కవులూ పోల్చారు. భాషలు వేరైనా చూపు ఒక్కటే.

ఈ జింకల జీవితంలో ఏటా ఒక విచిత్రమైన ఘట్టం వస్తుంది. వేసవి అంతా నీడ పట్టున ఒదిగి, ఒకదానితో ఒకటి సఖ్యంగా మేసిన మగజింకలు ఎండ తగ్గగానే పరస్పరం వైరం పూనుతాయి. మేత తగ్గిస్తాయి. పరుగులు పెరుగుతాయి. తిండికి అనువైన కాలం వస్తున్నప్పుడే తిండి మానుకోవడం ఏమిటి? దీనికి కారణం తెలుసుకోవాలంటే ముందుగా ఆకాశం వైపు చూడాలి.

సుహైల్ - అగస్త్యుడు

ఆగస్టు 24తో సుహైల్ కాలం మొదలవుతుందని అరబ్బుల సంప్రదాయపు లెక్క. ఆ రోజుల్లో తెల్లవారుజామున దక్షిణ దిక్కున ఈ నక్షత్రం కనిపించనారంభిస్తే మండువేసవి వెనుకబడుతున్నట్లు బెదూయిన్లు గుర్తిస్తారు. ఇది మనకు పరాయి నక్షత్రం కాదు. మన పెద్దలు అగస్త్య నక్షత్రమన్నది దీనినే. అగస్త్యోదయంతో వానకాలపు బురదనీరు తేటపడుతుందని మన వారి నమ్మకం. ఒకే తార అక్కడ నీరు తేరే వేళను, ఇక్కడ వేడి తీరే వేళను తెలిపింది.

జింకకు నక్షత్రాల లెక్క తెలియదు. అది రాత్రి నిడివిని లెక్కిస్తుంది.

శరీరంలోని పంచాంగం

రియాద్‌లో జూన్ మాసంలో పగలు సుమారు పదమూడున్నర గంటలు ఉంటుంది. డిసెంబరులో అది పదిన్నర గంటలకు తగ్గుతుంది. కంటిలో పడే వెలుగు సమాచారం నాడుల ద్వారా మెదడుకు చేరుతుంది. చీకటి ఉన్నంతసేపూ మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును స్రవిస్తుంది. రాత్రి పొడుగైన కొద్దీ ఈ స్రావం సాగే సమయమూ పెరుగుతుంది. ఈ సంకేతాన్ని అనుసరించి హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథిని, పిట్యూటరీ వృషణాలను మేల్కొల్పుతాయి. రక్తంలో టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. మగజింక స్వభావం మారుతుంది.

ప్రకృతి ఈ ముహూర్తాన్నే ఎందుకు ఎంచుకున్నది? రీమ్ జింక గర్భధారణ కాలం సుమారు ఐదున్నర నెలలు. శరత్తులో జతకడితే మార్చి, ఏప్రిల్ మాసాల్లో పిల్లలు పుడతాయి. మధ్య అరేబియాలో కురిసే కొద్దిపాటి వాన నవంబరు నుంచి ఏప్రిల్ దాకానే. ఆ వానకు మొలిచిన పచ్చిక ఎండిపోకముందే తల్లికి పాలు పడాలి. ఒక్కొక్క తల్లి కవలలనూ ఈనుతుంది గనుక ఆ పచ్చిక అవసరం మరింత ఎక్కువ. కనుక శరత్తులోని ఆ ఆరాటమంతా వసంతంలో పుట్టబోయే పిల్లల కోసమే.

మేత ఎందుకు తగ్గుతుంది?

వేసవిలో ఎడారి జింక దినచర్య ఎండను తప్పించుకోవడానికే ఏర్పడింది. పగలు తుమ్మ చెట్ల నీడన పడుకుని, తెల్లవారుజామున, సాయంకాలాన, రాత్రివేళ మేస్తుంది. రాత్రి గాలిలో తేమ పెరిగి, ఎండిన ఆకులలో కూడా కాస్త నీరు చేరుతుంది. తాగునీరు దొరకని చోట అదే దానికి దాహం తీర్చే వనరు. అక్టోబరులో వేడి తగ్గగానే పగటిపూట తిరగడానికి వీలు కలుగుతుంది. ఇది ఆడ, మగ జింకలు రెండింటిలోనూ వచ్చే మార్పు.

మగజింకలో దీనికి తోడు మరొక మార్పు వస్తుంది. అది కొంత నేలను తనదిగా ప్రకటించుకుంటుంది. ఒకే చోట పెంటికలు కుప్పగా వేసి సరిహద్దు గుర్తులు నిలుపుతుంది. ఆ గుర్తులను చూసుకోవడం, చొరబడిన మగవాటిని తరమడం, ఆడవాటిని వెంబడించడం - వీటితోనే పొద్దు గడుస్తుంది. అయితే తీరిక లేకపోవడం ఒక్కటే కారణం కాదు. పశువులశాలలో ఎదుట కావలసినంత మేత పెట్టినా ఈ కాలంలో మగ దుప్పులు తక్కువే తింటాయని శాస్త్రజ్ఞులు గమనించారు. అంటే ఆకలే మందగిస్తుందన్నమాట. ముందరి నెలల్లో కూడబెట్టిన కొవ్వే అప్పుడు ఇంధనం.

అమెరికాలోని తెలుగు కుటుంబాల పెరటి తోటల్లోకి వచ్చే తెల్లతోక దుప్పిలోనూ ఇదే వరుస కనిపిస్తుంది. సెప్టెంబరులో కొమ్ముల మీది మెత్తని నూగుచర్మం ఊడిపోతుంది. వేసవిలో కలిసి తిరిగిన మగదుప్పుల గుంపు విడిపోతుంది. ఓక్ చెట్ల కాయలు రాలే చోటికి మేత మారుతుంది. నవంబరు నాటికి మగదుప్పి దాదాపు తిండి మరచి తిరిగి, ఆ రుతువు ముగిసేసరికి దేహభారంలో ఐదో వంతు వరకు కోల్పోగలదు.

మన నేల మీద ఈ నియమం సడలుతుంది. హైదరాబాదు భూమధ్యరేఖకు మరింత దగ్గర కాబట్టి పగటి నిడివిలో తేడా తక్కువ. కర్నూలు ప్రాంతపు రోళ్లపాడు మైదానాల్లోని కృష్ణజింకలు ఏడాది పొడవునా జతకడతాయి. కొన్ని నెలల్లో మాత్రం ఆ జోరు హెచ్చుతుంది. అయినా నల్లని ఇర్రి పెంటికల కుప్పలతో తన మడిని కాచుకునే తీరు ఎడారి జింకను గుర్తుకు తెస్తుంది.

కంచె చెప్పిన పాఠం

ఒకప్పుడు రీమ్ జింకలు పెద్ద మందలుగా వాన పడిన దిక్కుకు తరలిపోయేవి. తుపాకులు, మోటారు వాహనాలు వచ్చాక వేటకు అంతులేకుండా పోయింది. ఓరిక్స్ అయితే 1972 నాటికి అడవిలో పూర్తిగా అంతరించింది. ఆ తరువాత సౌదీ అరేబియా మేలుకున్నది. 1986లో వన్యప్రాణి సంరక్షణకు జాతీయ సంస్థ ఏర్పడింది. రియాద్‌కు ఉత్తరాన థుమామాలో కింగ్ ఖాలిద్ వన్యప్రాణి పరిశోధన కేంద్రం జింకలను పెంచి, మళ్లీ అడవికి పంపే పనికి పూనుకున్నది.

తాయిఫ్‌కు ఈశాన్యాన 2 వేల చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన మహాజత్ అస్ సయ్ద్‌కు చుట్టూ కంచె వేసి, 1990 నుంచి ఓరిక్స్‌లను, ఆపై రీమ్ జింకలను వదిలారు. కంచె వేటగాళ్లను, మేకల మందలను ఆపింది. జింకలు వృద్ధి చెందాయి. కాని 1999 తరువాత వచ్చిన అనావృష్టి సంవత్సరాల్లో అదే కంచె జింకలను కూడా ఆపింది. వేరొకచోట వాన పడినా అవి అక్కడికి పోలేకపోయాయి. లోపల మేత లేక వందల సంఖ్యలో మరణించాయి. రీమ్ జింక శరీరం కరువును తట్టుకోగలదు. మేత, నీరు తగ్గినప్పుడు కాలేయం, గుండె పరిమాణాన్ని తగ్గించుకుని ప్రాణవాయువు ఖర్చును, ఊపిరితో పోయే నీటిని పొదుపు చేస్తుందని 2006లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. కాని ఆ పొదుపుకూ ఒక హద్దున్నది. శరత్తులో కొవ్వంతా ఖర్చు చేసుకున్న మగజింకకు ఆ శీతాకాలం వాన పడకపోతే ఇక మిగిలే దారి నడక ఒక్కటే. ఆ దారి మూయకూడదు.

రుబ్ అల్ ఖాలీ పడమటి అంచున ఉన్న ఉరూఖ్ బనీ మఆరిద్‌లో 1995 నుంచి కంచె లేకుండానే జింకలను, ఓరిక్స్‌లను వదిలారు. 12 వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆ ఇసుకతిన్నెల సీమను 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కంచె లేనిచోట కాపలా ఎక్కువ కావాలి. కాని జింకకు వాన వెంట పోయే స్వేచ్ఛ ఉంటుంది.

చలికాలం రాగానే రియాద్ కుటుంబాలు గుడారాలు తీసుకుని ఎడారికి బయలుదేరుతాయి. వాన వెలిసిన నేల మీద మొలిచే పచ్చిక విహారానికి వచ్చినవారికి అందమైన దృశ్యం. తల్లి కాబోయే జింకకు అది ఆహారం. దారి విడిచి మొలకల మీదుగా కారు నడపరాదని, ప్లాస్టిక్ సంచులు వదలరాదని పిల్లలకు చెప్పేటప్పుడు ఈ కారణం కూడా చెప్పడం మంచిది. తరగతిలో పక్కన కూర్చునే రీమ్ పేరు ఏ జంతువుదో తెలిసిన పిల్లలు ఆ మాటను సులభంగా మరచిపోరు.