మనసు మాట ఎంతవరకు వినాలి?



రంజాన్ దగ్గర పడుతుంటే మన తర్లుపాడులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ జకాత్ దరఖాస్తులు చూసే పని మొదలవుతుంది. అప్పుడు తరచూ వినిపించే మాట ఒకటుంది. "కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి భాయ్, ఎందుకో నా మనసు ఒప్పుకోవడం లేదు." ఇంకొకరి విషయంలో దీనికి తిరగబడిన మాట వస్తుంది. "ఏమీ అడగక్కర్లేదు, మొహం చూస్తేనే తెలుస్తోంది, ఇచ్చేద్దాం." మీరు నమ్మి ఇచ్చిన సొమ్ము చాలాసార్లు ఈ రెండు మాటల మీదే ఒకరికి చేరుతుంది, మరొకరికి చేరకుండా పోతుంది. అందుకే మనసు మాటను ఎక్కడ నమ్మాలి, ఎక్కడ ఆపి పరీక్షించాలి అన్నది మనం నేర్చుకోవలసిన పాఠం.

మా తప్పుతోనే మొదలుపెడతాం. రెండేళ్ల కిందట ఒక తండ్రి కూతురి నర్సింగ్ కోర్సు ఫీజు కోసం వచ్చాడు. కొత్త మోటారుసైకిల్ మీద వచ్చాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు, గట్టిగా అడగలేదు. మాలో ఎవరూ పైకి అనలేదు గానీ, ఇతనికి అంత అవసరం లేదని అందరి మనసులకూ ఒకేసారి తోచింది. దరఖాస్తు పక్కన పడింది. తర్వాత తెలిసింది: బండి బావమరిదిది, పలకల ఫ్యాక్టరీలో పనివేళకు తిరిగి చేరుకోవాలని అడిగి తెచ్చుకున్నాడు. ఆ చొక్కా పండగ చొక్కా, పెద్దల ముందుకు వస్తున్నానని తొడుక్కున్నాడు. మేము తెలుసుకుని ఫీజు ఇచ్చేసరికి గడువు దాటిపోయింది. డబ్బు ఇచ్చాం గానీ, ఆ పిల్ల పోగొట్టుకున్న ఏడాదిని ఇవ్వలేకపోయాం.

అలాగని మనసుకు తోచేదంతా తప్పేనా? కాదు. దానికి సాక్ష్యం మన పశ్చిమ ప్రకాశం నేలమీదే ఉంది.

ఎద్దులు చెప్పిన సంగతి

1930లలో పొదిలి, దర్శి, కనిగిరి వైపు రైతులు ఒక వింత గమనించారు. దుక్కి ఎద్దులు వయసులో ఉండగానే కీళ్లు బిగుసుకుని, కుంటుతూ, నడవలేకపోతున్నాయి. ఆ రోజుల్లో అది నెల్లూరు జిల్లా. మన మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఇవన్నీ ఒంగోలు జిల్లాలో చేరాయి, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. ఇందులో ఏదో తేడా ఉందని ఆ రైతులకు తోచింది. ఎద్దుతో రోజూ మెలిగేవాడికి దాని అడుగులో తేడా ఇట్టే తెలుస్తుంది. కానీ ఆ తేడాకు కారణం ఏమిటన్నది మనసుకు తోచే విషయం కాదు. 1937లో షార్ట్, ఆయన తోటి వైద్య పరిశోధకులు ఆ ప్రాంతపు మనుషులను, నీటిని పరీక్షించి, ఇది తాగేనీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బని ప్రచురించారు. మన దేశంలో ఫ్లోరోసిస్ చరిత్ర మొదలైంది అక్కడే.

ఇందులో రెండు సంగతులు చూడాలి. ఏదో తేడా ఉందన్న రైతు మనసు నిజమే చెప్పింది. అదే రైతు నాలుక మాత్రం అబద్ధం చెప్పింది. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. నీళ్లు తియ్యగా ఉన్నాయి కాబట్టి మంచివే అనుకుని తరాల తరబడి తాగారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అని మన దేశ ప్రమాణం. నాలుకకు ఈ లెక్క తెలియదు. కాచినా ఫ్లోరైడ్ పోదు. పళ్లమీద మచ్చలు, వంగిన ఎముకలు కనిపించేనాటికి ఏళ్లు గడిచిపోతాయి.

సదఖా జారియాగా బోరు వేయించాలని ఏటా కొందరు దాతలు ముందుకొస్తారు. అల్లాహ్ వారి దానాన్ని స్వీకరించుగాక. కొబ్బరికాయ పట్టి చూపించిన చోట బోరు వేయడం, పడిన నీళ్లు రుచి చూసి శిలాఫలకం పెట్టడం మన దగ్గర అలవాటు. నీటి నమూనా పరీక్షకు వెళ్లి వచ్చాకే ఆ బోరును తాగేనీటికి వదలాలని మా మనవి. ఎంత మంచి మనసుతో ఇచ్చినా, నీటిలో ఉన్నది నీటిలోనే ఉంటుంది.

ఎవరి మనసు, ఎవరి గురించి?

ధర్మం ఈ విషయంలో ఏమంటోంది? హజ్రత్ వాబిసా (రజి) మంచి, చెడుల గురించి అడగడానికి వచ్చినప్పుడు, దైవప్రవక్త (స) ఆయనను తన హృదయాన్నే అడిగి చూసుకోమన్నారు. మంచి చేసేటప్పుడు మనసు కుదుటపడుతుంది, పాపం గుండెలో గుచ్చుతుంది. కాబట్టి హృదయం మాటకు విలువ ఉంది. అయితే ఆ ప్రశ్న అడిగినవాడి సొంత నడవడి గురించి. ఎదుటివాడి గుండెలో ఏముందో తేల్చే అధికారం దానివల్ల మనకు రాలేదు.

హజ్రత్ ఉసామా (రజి) యుద్ధంలో ఒక మనిషి కలిమా పలికినా, ప్రాణభయంతో పలికాడని తోచి చంపేశారు. దైవప్రవక్త (స) ఎంతో బాధపడి, అతని గుండె చీల్చి చూశావా అని నిలదీశారు. అనుమానాలకు దూరంగా ఉండమని, వచ్చిన వార్తను విచారించమని అల్ హుజురాత్ సూరా నేర్పుతుంది. అల్ బఖరా సూరా 273వ వాక్యం ఇంకో సంగతి గుర్తుచేస్తుంది. అభిమానంతో చేయి చాపని పేదలను తెలియనివాడు కలిగినవాళ్లనుకుంటాడు. మోటారుసైకిల్ చూసి మేము చేసిన పొరపాటు సరిగ్గా ఇదే.

ఇస్తిఖారా సంగతీ అంతే. రెండు రకాతుల నమాజు చదివి మేలు కోరుకోవడం విచారణకు, మష్వరాకు బదులు కాదు, వాటికి తోడు.

అనుభవానికి వచ్చిన మనసు

నోబెల్ బహుమతి అందుకున్న మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, అగ్నిమాపక సిబ్బంది నిర్ణయాలను పరిశీలించిన గ్యారీ క్లైన్ ఈ విషయంలో మొదట చెరో పక్కన ఉండేవారు. 2009లో ఇద్దరూ కలిసి రాసిన వ్యాసంలో ఒక మాటకు వచ్చారు. ఆ పనిలో ఒక క్రమం ఉండాలి, మన అంచనా తప్పో ఒప్పో తెలిసే అవకాశం చాలాకాలం దొరికి ఉండాలి. అప్పుడే లోపలి మాట నమ్మదగినది. ఎద్దు నడక విషయంలో రైతుకు ఆ అవకాశం ఉంది. దరఖాస్తు తోసేసిన మనకు లేదు, ఎందుకంటే వెనక్కి పంపినవాడు తర్వాత ఏమయ్యాడో మనం కనుక్కోం.

కానెమన్ 1955లో యువ సైనికాధికారిగా ఉన్నప్పుడు, కొత్తవాళ్లను చూడగానే తోచిన అభిప్రాయంతో ఎంచుకునే పద్ధతిని మార్చారు. ఆరు లక్షణాలను విడివిడిగా అడిగి, ఒక్కోదానికి మార్కు వేయించారు. అదంతా అయ్యాక కళ్లు మూసుకుని మనసుకు ఏమనిపిస్తోందో చెప్పమన్నారు. ముందుగా తోచిన మాట పనికిరాలేదు. వివరాలన్నీ విన్న తర్వాత తోచిన మాట మాత్రం పనికొచ్చింది.

మేము పాటిస్తున్నది, మిమ్మల్ని కోరేది

ఇప్పుడు మేము ప్రతి దరఖాస్తుకూ ముందు ఐదు సంగతులు రాసుకుంటున్నాం: ఇంట్లో సంపాదించేవారు ఎందరు, తినేవారు ఎందరు, అప్పు ఎంత, జబ్బు ఎవరికి, గడువు ఎప్పుడు. ఇద్దరు ఇంటికి వెళ్లి చూసి వస్తారు. ఆ తర్వాతే మనసు మాట వింటాం. మనసు కాదంటే దరఖాస్తు కొట్టేయం, ఇంకోసారి వెళ్తాం. వెనక్కి పంపినవారి సంగతి ఆరు నెలలకు కనుక్కుంటాం.

మీ గుమ్మం ముందు ఎవరైనా నిలబడినప్పుడు మీరూ ఇలాగే చేయండి. జాలి కలిగితే అది అల్లాహ్ ఇచ్చిన వరం, వెంటనే చేతనైనంత ఇవ్వండి. అనుమానం కలిగితే మాత్రం దాన్ని తీర్పు అనుకోకండి, ప్రశ్న అనుకుని వెళ్లి కనుక్కోండి.

మన హృదయాలను సరిచేసి, మన కళ్లకు కనబడని అవసరాలను చూపించమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.