జీను అమ్ముడైంది, డబ్బు రాలేదు

ప్రశ్న: మా అమ్మాయి గుర్రపు స్వారీ మానేసింది. జీను, బూట్లు అమ్మిపెట్టమని ఇక్కడ డాలస్‌లో ఒక కన్‌సైన్‌మెంట్ షాపుకిచ్చాం. జీను అమ్ముడైందట. మూడు నెలలుగా డబ్బు రేపు, మాపు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మిన సొమ్ములో షాపుది కమీషన్ వరకే, మిగతాది మీదేనమ్మా. ఇలా జాప్యం చేసే కొన్ని షాపులు మీ డబ్బు తమ అద్దెకు వాడేసి, తర్వాతి బేరంతో సర్దుతుంటాయి. కాబట్టి ముందు బూట్లు వెనక్కి తెచ్చేసుకోండి, మొహమాటపడకండి. ఒప్పందం కాగితం, ఫోటోలు, జీను సీరియల్ నంబరు (తరచూ ఫ్లాప్ కింద ఉంటుంది) దగ్గర పెట్టుకోండి. ఇక ఫోన్లు దండగ. అమ్మిన తేదీ, ధర అడుగుతూ, పది రోజుల గడువిచ్చి సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరం పంపండి. చెక్కిస్తే ఆ రోజే బ్యాంకులో వేయండి. కదలకపోతే టెక్సస్ జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల దాకా లాయరు లేకుండానే దావా వేయొచ్చు. షాపు మూసేసినా, దివాలా నోటీసు వచ్చినా మాత్రం వెంటనే లాయరును కలవండి.