నగరనిర్మాణ క్రీడలలో స్వదేశ వాతావరణము : చెరువు చెప్పు సాక్ష్యము

చరిత్రలోని నగరములను కంప్యూటరు తెరపై కట్టించు క్రీడలు గత మూడు దశాబ్దులలో ప్రపంచమంతట వ్యాపించినవి. ఆటగాడు నేలను ఎన్నుకొనును, బాటలు వేయును, నీరు తెచ్చును, జనులను నిలుపును. ఆ నేల ఎట్లు పండునో, ఆ నీరు ఎప్పుడు వచ్చునో మాత్రము క్రీడను రచించినవారు ముందుగనే నిర్ణయించి యుందురు. ఇట్టి క్రీడలో తన దేశపు కట్టడము కన్పించినపుడు ఆటగానికి సంతోషము కలుగుట సహజము. కాని తన దేశపు కట్టడము కన్పించుట వేరు. తన ఊరు కన్పించుట వేరు. ఈ భేదమునకు మూలము నీటి నడకయందున్నది. ఆ నడకను తెలుగువారు చెరువునకు సంబంధించిన మాటలలో భద్రపరచుకొనిరి. ఈ విషయమునకు పుదుచ్చేరి పట్టణపు పడమటి భాగమునందలి రెడ్డియార్‌పాళయము మంచి నిదర్శనము.

ఆ పేరే రెండు భాషల పొత్తును తెలుపుచున్నది. 'రెడ్డి' శబ్దమునకు తమిళ గౌరవప్రత్యయము చేరి 'రెడ్డియార్' అయినది. తెలుగున 'పాలెము' అనబడునదే అచ్చట 'పాళయము'. తెలుగుదేశమున అధికభాగమునకు జూన్ మొదలు సెప్టెంబరు వరకు వీచు నైరృతి ఋతుపవనము ప్రధానము. రెడ్డియార్‌పాళయమునకు అట్లు కాదు. సంవత్సరపు వర్షములో సగమునకు పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో ఈశాన్య ఋతుపవనమువలన కురియును. అదియును తరచుగా వాయుగుండములతో కొలది దినములలోనే కుండపోతగా కురిసి పోవును. సమీపమున ప్రవహించు శంకరాపరణి జీవనది కాదు. కావున మూడు నెలల వానను పండ్రెండు నెలలకు సరిపుచ్చుకొనుట అచ్చటి జీవనధర్మమైనది. పడమట నున్న ఊసుడు ఏరి, దక్షిణమున నున్న బాహూరు ఏరి ఈ ధర్మమునుండి పుట్టినవే. తమిళమున 'ఏరి' యనునది తెలుగువారి చెరువే.

ఇట్టి సీమనుండి వచ్చిన ఆటగాడు ప్రసిద్ధ క్రీడలలో ఏమి చూచునో పరిశీలింపవలెను. 1998లో వెలువడిన 'సీజర్ 3' రోమక నగరములకు సంబంధించినది. అందు నది యొడ్డున జలాశయమును నిలిపి, రాతి కాలువతో మరియొక జలాశయమునకు కలిపి, వీధులలో నీటిధారలు పెట్టవలెను. జలాశయము ఒకసారి నిలిచిన పిమ్మట అందలి నీరు వేసవిలో ఇంకదు, వానకాలమున పొంగదు. ఆ క్రీడకు నీరు దూరమునకు సంబంధించిన సమస్యయే కాని కాలమునకు సంబంధించిన సమస్య కాదు.

1999లో వచ్చిన 'ఫారో' ఇందుకు భిన్నమైనది. అందు నైలునది ఏటేట పొంగును. వరద తీసిన పిమ్మట ఒండ్రు మిగిలిన నేలయందు పంట వేయుదురు. మరల వరద రాకమునుపే కోత ముగియవలెను. పొలము పని లేని కాలమున కర్షకులు కట్టడముల పనికి పోవుదురు. పుదుచ్చేరి పరిపాలనలోనే యున్న తెలుగు సీమ యానాము గౌతమీ గోదావరి యొడ్డున నున్నది. అచ్చటివానికి ఈ క్రీడలోని పొంగు, ఒండ్రు పరిచితములుగనే తోచును. రెడ్డియార్‌పాళయమువాని స్థితి అది కాదు. అతని యూరికి నీరు దూరపు కొండలనుండి నదియై రాదు; ఆకాశమునుండి పడును. పడినదానిని పట్టి నిలుపుకొననిచో సముద్రము పాలగును.

భారతదేశమును ప్రత్యేకముగా చేర్చుకొనిన క్రీడలును కలవు. 2007లో 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3'నకు వెలువడిన ఆసియా అనుబంధమున భారతీయుల మహానిర్మాణములలో ఒకటిగా చార్మినారు పేరు చేరినది. హైదరాబాదున 1591లో వెలసిన ఆ కట్టడము క్రీడలో సైనికులను తయారుచేయు స్థానముగా నున్నది. తెలుగు ఆటగాడు పేరును గుర్తించును. అంతకుమించి గుర్తించుటకు అందేమియు లేదు. 2016 నాటి 'సివిలైజేషన్ 6'లో భారతీయులకు మాత్రమే దిగుడుబావి ఈయబడినది. 2019లో ఆ క్రీడకు వచ్చిన అనుబంధమున వరదలు, తుఫానులు, అనావృష్టి ప్రవేశించినవి; అనావృష్టిలో దిగుడుబావి ఆహారనష్టమును ఆపును. ఇచ్చట కట్టడము అలంకారముగా గాక వాతావరణమునకు ప్రత్యుత్తరముగా నిలిచినది. ఇది చార్మినారు ద్వారమును చేర్చుటకంటె లోతైన గౌరవము.

క్రీడ యనునది సరళీకరణమేననియు, ప్రతి సీమ వాతావరణమును అందు ఇమిడ్చుట అసాధ్యమనియు ఆక్షేపింపవచ్చును. కాని నైలు పొంగును ఇమిడ్చిన శాస్త్రమునకు చెరువును ఇమిడ్చుట అసాధ్యము కాజాలదు. పైగా చెరువు ధర్మము ఆరు శతాబ్దులకు పూర్వమే సూత్రరూపమున వ్రాయబడి యున్నది. కడప సీమయందలి పోరుమామిళ్లలో బుక్కరాయల పుత్రుడైన భాస్కరుడు త్రవ్వించిన చెరువునకు 1369 నాటి సంస్కృత శాసనము కలదు. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, వర్జింపవలసిన ఆరు దోషములను అది లెక్కించును. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రము తెలిసిన విద్వాంసుడు, గట్టి నేల, తీయని నీటి నది, ఎక్కువ పొడవు లేని దృఢమైన రాతికట్ట, పనివారి సమూహము ఆ సాధనములలోనివి. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లును అది చెప్పును. నగరనిర్మాణ క్రీడ ఆటగాని నుండి కోరునది సరిగా ఇట్టి లెక్కయే: నేల, రాయి, మనుష్యులు, కాలము.

దోషముల పట్టిక మరింత విలువైనది. నీరు స్వల్పమై పొలము అధికమగుట ఒక దోషము. నీరు అధికమై పొలము స్వల్పమగుట మరియొక దోషము. కట్టనుండి నీరు కారుట, చవిటి నేల, చెరువు నడుమ మెట్టయుండుట, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట తక్కినవి. ఈ కడపటి దోషము పాతకాలపు మాట కాదు. ఊసుడు ఏరి నేటికిని పుదుచ్చేరి, తమిళనాడు సరిహద్దున రెండువైపుల వ్యాపించియే యున్నది.

శాసనము సంస్కృతమున చెప్పిన సూత్రములను వాడుకభాష ఒక్కొక్క మాటలో నిలిపినది. తూము నీటిని అవసరమునకు తగినట్లు విడుచును. అలుగు మిగులు నీటిని దిగువ చెరువునకు పంపును. చెరువు ఎంత నేలను పోషింపగలదో ఆ హద్దు ఆయకట్టు. ఆ నీటిని వంతుల ప్రకారము పంచువాడు నీరుగంటి. తమిళమున వీనికి దగ్గరగా తూంబు, ఆయక్కట్టు, నీర్కట్టి అను మాటలు వినబడును. సరిహద్దు దాటినను మాట మారక నిలుచుట, దాని వెనుకనున్న ధర్మము రెండు జనములకును ఉమ్మడి యగుటచేతనే. వీనిలో ప్రతి మాటయు ఒక నియమము. క్రీడ తెలుగులోనికి వచ్చి 'జలాశయము' అను ఒక్క మాటతో సరిపెట్టినచో ఈ నియమములన్నియు లోపించును. పట్టణములు పెరిగి ఆయకట్టు ఇండ్లస్థలములైన చోట ఈ మాటలు వినబడుట తగ్గుచున్నది. పని తెలియని తరమునకు మాట అర్థము కాదు. మాట పోయినచో పనిని తిరిగి నేర్చుకొను దారియు మూసికొనిపోవును.

పుదుచ్చేరి జనశ్రుతిలో ఒక కథ కలదు. కృష్ణదేవరాయలు ఆ ప్రాంతమునకు వచ్చినపుడు దీపములతో వెలుగుచున్న ఒక భవనమును దేవాలయమని భ్రమించి నమస్కరించెనట. అది ఆయి యను వేశ్య యిల్లని తెలిసి దానిని పడగొట్ట నాజ్ఞాపింపగా, ఆమె స్వయముగా ఇంటిని కూల్చి ఆ చోట ప్రజలకు కొలను త్రవ్వించెనట. 19వ శతాబ్దిలో ఫ్రెంచివారు ముత్తిరైయర్‌పాళయమునుండి పట్టణమునకు నీరు తెచ్చినపుడు ఆమె పేర నిర్మించిన మండపము నేటికిని పట్టణపు ఉద్యానమున నున్నది. కథ యథార్థమగుగాక, కాకపోవుగాక, ఆ జనులు దేనిని స్మరింపదలచిరో దానివలన తెలియుచున్నది. వారు తలచుకొనునది కూలిన భవనమును కాదు, మిగిలిన నీటిని.

చారిత్రక క్రీడలను పరిశీలించువారికి ఈ కథ కొలమానము కాదగును. దేశపు వారసత్వమును చూపదలచిన క్రీడ గోపురములను లెక్కించుటతో ఆగక, ఆ దేశము నీటిని ఎట్లు దాచుకొనెనో విచారింపవలెను. ఆ విచారణకు కావలసిన సామగ్రి శాసనములలోను, చెరువు క్రింది రైతుల వాడుకలోను ఉన్నది. తెలుగు, తమిళ సీమల చెరువు పదములను ఊరూర సేకరించి, ఒక్కొక్క పదము చేయు పనితో సహా నిఘంటువున కెక్కించుట భాషాశాస్త్రజ్ఞుల కర్తవ్యము. అది జరిగిననాడు క్రీడారచయితకు నియమము దొరకును. అనువాదకునకు మాట దొరకును. రెడ్డియార్‌పాళయపు బాలునకు తెరపై తన ఊరు దొరకును.